రక్తబిందువున జఠరవ్యాధి జాడలు

గడచిన మాసమున నొకనాటి సాయంకాలము మా పొరుగింటి గృహిణి యొకరు చేత నొక కరపత్రమును పట్టుకొని మాయింటికి వచ్చిరి. ఒక్కసారి రక్తము తీసి చూచినచో కడుపులోని క్యాన్సరును మొదటిదశలోనే కనిపెట్టవచ్చునని దానిమీద పెద్ద యక్షరములతో నచ్చువేయబడి యుండెను. ఆమెకు 52 ఏండ్లు. రెండు మూడు మాసములనుండి నాలుగు ముద్దలు తినునప్పటికే కడుపు నిండినట్లుండుట, రొమ్ముక్రింద మంట, తెల్లవారుజామున నొప్పి ఆమెను బాధించుచున్నవి. ఇంటిల్లిపాది భోజనములైన పిదప, ప్రొద్దు వాలిన వేళ, చల్లారిన యన్నము తినుట ఆమెకు పెండ్లియైన నాటినుండి అలవాటు. ఈ బాధ ఆ వేళగాని వేళ తిండివలననే వచ్చినదని తనకు తానే సమాధానము చెప్పుకొని, మందులషాపులో దొరకు గులాబిరంగు మందును చెంచాలతో త్రాగుచు దినములు గడుపుచుండిరి. తుదకు వైద్యుడు ఎండోస్కోపీ చేయించుకొనవలసినదని చెప్పగా భయపడిరి.

"ఆ గొట్టము మ్రింగుట నావల్ల గాదు పిన్నిగారూ! ఈ రక్తపరీక్ష చేయించుకొన్న సరిపోవునేమో, కొంచెము చదివి చెప్పండి" అని యడిగిరి.

చదివితిమి. అందు "మైక్రో ఆర్.ఎన్.ఏ." అను మాట నాలుగుచోట్ల కలదు గాని, అదేమియో ఒక్కచోటనైన చెప్పియుండలేదు. ఏ మాటలైన బెదరించుటకో మెప్పించుటకో వాడి, అర్థము మాత్రము చెప్పకుండుట ఈ కరపత్రములు వ్రాయువారికి మామూలు. మేమును ఆమెకు అప్పటికప్పుడు సమాధానము చెప్పజాలక, రెండు దినములు గడువడిగి, దొరకిన గ్రంథములను చూచి, తెలిసిన వైద్యురాలి నడిగి, గ్రహించినంత ఆమెకు చెప్పితిమి. సోదరీమణులలో మఱికొందరికిని ఇట్టి కరపత్రములు అందుచుండవచ్చును గావున ఆ విషయమునే ఇచట వ్రాయుచున్నాము.

మొదట వ్యాధిని గూర్చి. మన పూర్వులు పుట్టవ్రణమని పేర్కొన్న క్యాన్సరు జఠరమున పుట్టినచో చిరకాలము చప్పుడు చేయదు. 2022వ సంవత్సరమున లోకమంతటిలో సుమారు 9 లక్షల 68 వేలమందికి ఈ జఠరపు క్యాన్సరు క్రొత్తగా బయటపడినదనియు, దీనివలన సుమారు 6 లక్షల 60 వేలమంది మరణించిరనియు లెక్కలు కలవు. బయటపడిన వారి సంఖ్యకును మరణించినవారి సంఖ్యకును ఉన్న సామీప్యమును చూడుడు. ఇంతటి హానికి ముఖ్యకారణము ఆలస్యమే. కడుపు సాగుడు గల సంచి. దానిగోడలో చిన్న పుండు పుట్టిన మాత్రమున నొప్పి యుండదు. ఉన్నను అది అజీర్తివలెనే యుండును. అజీర్తి లేనివారెవరు? కాబట్టి రోగి పట్టించుకొనదు, ఇంటివారు పట్టించుకొనరు. లోపలిపొరను దాటకముందే కనుగొన్నచో పొట్ట కోయకయే, నోటిగుండ పంపిన గొట్టముతోనే ఆ భాగమును ఒలిచి తీసివేయగల నేర్పు నేడు వైద్యులకు కలదు. గోడను దాటి ఇతరాంగములకు ప్రాకిన పిదప ఆ నేర్పు పనికిరాదు.

ఈ వ్యాధి ఒక్కనాటిలో వచ్చునది గాదు. మొదట లోపలిపొర వాచును, ఏండ్లు గడచినకొలది ఆ పొర పలుచనై శుష్కించును, పిదప జఠరపు పొర పేగుపొరవలె మారును, అటుపిమ్మట కణములు వికృతి చెందును, తుదకు క్యాన్సరగును. ఈ మెట్లను పెలాయో కొర్రియా అను వైద్యుడు కొలంబియాదేశపు రోగులను పరిశీలించి వివరించెను. మొదటిమెట్టుకు హెలికోబాక్టర్ పైలోరీ యను సూక్ష్మజీవి సాధారణమైన కారణము. ఆస్ట్రేలియాదేశమున బారీ మార్షల్ అను వైద్యుడు 1984లో ఈ సూక్ష్మజీవులుగల ద్రవమును తానే త్రాగి, కడుపువాపు తెచ్చుకొని, దాని నేరమును ఋజువు చేసెను; ఆయనకును రాబిన్ వారెన్‌కును 2005లో నోబెల్ బహుమాన మీయబడినది. (ఇట్టి సాహసమును ఇంటి ఇల్లాలికి చెప్పియే చేసెనా యని మాకు సందేహము.) 1994లో ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనశాఖవారు ఈ సూక్ష్మజీవిని క్యాన్సరు కారకముల జాబితాలో చేర్చిరి. అయితే లోకజనులలో దాదాపు సగముమంది కడుపులలో ఇది యున్నను, క్యాన్సరు వచ్చువారు వారిలో నూటికి ఒకరో ఇద్దరో ముగ్గురో మాత్రమే. ఆ కొద్దిమంది యెవరో ముందుగా తెలిసికొనుటయే సమస్య.

ఇక ఆ మైక్రో ఆర్.ఎన్.ఏ. సంగతి. మన శరీరమందలి ఇంచుమించు ప్రతి కణములోను డి.ఎన్.ఏ. యను మూలగ్రంథ మొకటి కలదు. వంశపారంపర్యముగా వచ్చిన వంటలపుస్తకమును ఇంటిపెద్ద ఇనుపపెట్టెలో దాచియుంచినదనుకొనుడు. ఆ పుస్తకమును పొయ్యిదగ్గరకు ఎన్నడును పోనీయదు. ఆ పూటకు కావలసిన వంట మట్టుకు ఒక చీటీమీదికి ఎత్తివ్రాసి వంటయింటికి పంపును. ఆ చీటీయే ఆర్.ఎన్.ఏ. దానిని చూచి వంటవారు చేయు వంటయే మాంసకృత్తు. శరీరమున పని జరుగుట ఈ మాంసకృత్తుల వలననే. ఇంతవరకు శాస్త్రజ్ఞులకు చాలకాలమునుండి తెలిసినదే.

తెలియనిదేమనగా, నడవలో ఒక అత్తగారు నిలుచుండియున్నది. చీటీ వంటయింటికి చేరకమున్నే ఆమె దానిని పట్టుకొని చూచి, "ఈ పూటకు ఇది వలదు" అని ఆపివేయును, లేదా చించివేయును. ఈ అత్తగారే మైక్రో ఆర్.ఎన్.ఏ. ఆమె స్వయముగా ఏ వంటయు చేయదు. చేయవలసినదానిని ఎంతవరకు చేయవలెనో నిర్ణయించును. చీటీలో వేలకొలది యక్షరములుండగా ఆమె నిడివి ఇంచుమించు 22 అక్షరములు మాత్రమే. ఒక్క అత్తగారు అనేకములగు చీటీలను ఆపగలదు; ఒక్క చీటీని నలుగురు అత్తగార్లు కలిసి ఆపుటయు కలదు. మానవదేహమున ఇట్టివి వేయికి పైగా కలవని తెలిసినది.

దీనిని కనుగొన్న కథ ముచ్చటైనది. మట్టిలో నివసించు, ఒక మిల్లీమీటరు పొడవుగల పురు గొకటి కలదు. ఆ పురుగులలో ఒక జాతికి lin-4 అనదగు జన్యువు చెడిపోయినచో అది పెరిగి పెద్దది కాజాలక, బాల్యదశనే మరల మరల జరుపుకొనుచుండును. ఆ జన్యువు పేరును తెలుగున "లిన్-4" అని వ్రాయుదము. అమెరికాదేశమున విక్టర్ ఆంబ్రోస్ పరిశోధనశాలలో దాని రహస్యమును వెదకగా, అది ఏ మాంసకృత్తునకును మూలము గాదనియు, 22 అక్షరముల చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కను మాత్రమే పుట్టించుచున్నదనియు తేలెను. అదేకాలమున గ్యారీ రువ్కన్ పరిశోధనశాలవారు, ఆ ముక్క మఱియొక జన్యువుయొక్క చీటీమీద అంటుకొని దాని నాపుచున్నదని చూపిరి. ఈ రెండు వ్యాసములును 1993లో ఒకే పత్రికలో వెలువడెను. ఇది పురుగుల వింతయేగాని మనకు పట్టినది కాదని పలువురు ఏడేండ్లపాటు తలచిరి. 2000 సంవత్సరమున లెట్-7 అను రెండవది దొరకుటయు, అది ఈగలలోను చేపలలోను మనుష్యులలోను గూడ ఉన్నదని తేలుటయు జరుగగా లోకము కన్నులు తెరచినది.

ఇచట ఒక్కమాట చెప్పక ముందునకు సాగజాలము. 1993 నాటి ఆంబ్రోస్ వ్యాసమున మొదటిపేరు రోసలిండ్ లీ. ఆమె ఆయన భార్య. రెండవపేరు రోండా ఫైన్‌బామ్. లెట్-7ను తెలిపిన వ్యాసమున మొదటిపేరు బ్రెండా రైన్‌హార్ట్. అది మనుష్యులలోను గలదని చూపిన వ్యాసమున మొదటిపేరు ఏమీ పాస్క్వినెల్లి. 2024లో నోబెల్ బహుమానము వచ్చినపుడు అది ఆంబ్రోస్, రువ్కన్ అను నిరువురికే వచ్చినది. వా రర్హులే, ఆ విషయమున మాకు వివాదము లేదు. అయినను బల్లకడ కూర్చుండి లెక్కలేని పురుగులను పరీక్షించిన చేతులెవరివో మన పాఠకురాండ్రు తెలిసికొనియుండుట మంచిది.

అత్తగారి యధికారము మితిమీరినను, బొత్తిగా లేకపోయినను ఇల్లు చెడును గదా! క్యాన్సరులో జరుగునది అదియే. మిర్-21 అనునది కణముల పెరుగుదలకు కళ్లెము వేయు చీటీలను ఆపునట్టిది; అది యెక్కువైనచో కళ్లెము ఊడును. ముందు చెప్పిన లెట్-7 పెరుగుమని పురికొల్పు చీటీలను ఆపునది. అది తగ్గినచో అడ్డులేక కణములు పెరుగును. 2002లోనే కార్లో క్రోచె పరిశోధనశాలవారు ఒక విధమగు రక్తపు క్యాన్సరులో ఇట్టి రెండు చిన్న ఆర్.ఎన్.ఏ.లు లోపించుటను చూపియుండిరి.

కాని కణములలో జరుగునది మనకు వెలుపలినుండి తెలియుటెట్లు? సాధారణముగా ఆర్.ఎన్.ఏ. రక్తములో పడినచో క్షణములలో నశించును. అట్లుండగా 2008లో అమెరికాలోని సియాటిల్ నగరపు పరిశోధకులును, చైనాలోని నాన్‌జింగ్ నగరపు పరిశోధకులును వేర్వేరుగా చూచి, ఈ చిన్నముక్కలు మాత్రము రక్తమందు చెక్కుచెదరక తిరుగుచున్నవని ప్రకటించిరి. సియాటిల్‌వారు రక్తరసమును ఒక దినమంతయు ఊరక బల్లమీద ఉంచి చూచిరి; ఎనిమిదిసార్లు గడ్డకట్టించి కరిగించి చూచిరి; అయినను అవి నిలిచియుండెను. వాటిలో కొన్ని కణములు విసర్జించు సన్నని బుడగలలో దాగియుండుననియు, కొన్ని మాంసకృత్తులను కవచముగా ధరించియుండుననియు పిదప తెలిసెను. రోగమున్న చోటునుండి వెడలిన చీటీ రక్తనాళములో దొరకునన్న ఆశ అప్పుడు పుట్టినది.

జఠరపు క్యాన్సరు విషయమున జపానుదేశపు క్యోటో నగరములోని వైద్యవిద్యాలయమువారు 2010లో 69 మంది రోగుల రక్తరసమును, 30 మంది ఆరోగ్యవంతుల రక్తరసమును పోల్చి చూచిరి. రోగులలో మిర్-21, మిర్-106ఏ మొదలగునవి హెచ్చుగాను, లెట్-7ఏ తక్కువగాను ఉండెను. మఱియు శస్త్రచికిత్సచే పుండును తీసివేసిన పిమ్మట హెచ్చినవి తగ్గెను. ఈ తగ్గుదలయే మాకు ముఖ్యముగా తోచినది. ఏలయన, ఆ జాడ కడుపులోని పుండునుండియే వచ్చుచుండెనని చెప్పుటకు అంతకన్న సులభమైన సాక్ష్యము వేరొకటి లేదు.

అయితే అటుపిమ్మట పలుదేశములనుండి పలుజాబితాలు రాసాగెను. ఒకరు చెప్పిన ఐదింటిలో రెండవవారికి రెండే కనబడును. మూడవవారికి ఒక్కటియు కనబడదు. దీనికి కారణములు లేకపోలేదు. మిర్-21 జఠరమునకే చెందినది గాదు. రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దప్రేగు మొదలగు పెక్కుచోట్ల క్యాన్సరులోను అది హెచ్చును, వట్టి వాపులోను హెచ్చవచ్చును. కొలుచుటకు అందఱు నంగీకరించిన కుంచము లేదు. ఒకరు ఒకదానిని స్థిరమని యెంచి దానితో పోల్చి కొలిచిన, మఱియొకరు వేరొకదానితో పోల్చి కొలుతురు. ఇంకొక చిక్కు మఱియు విచిత్రమైనది. రక్తము తీయునపుడు సూది సరిగా పడక యెఱ్ఱకణములు పగిలినచో, వాటిలోని చిన్న ఆర్.ఎన్.ఏ.లు వెలికి వచ్చి కలిసి లెక్కను తారుమారు చేయును. రోగి జఠరమునగాక రక్తము తీసినవాని చేతిలో దోషముండవచ్చునన్నమాట.

ఇన్ని చిక్కులను దాటి, మూలపరిశోధనశాలనుండి వైద్యశాలవరకు వచ్చిన పరీక్షలలో సింగపూరుది చెప్పదగినది. అచట టూ హెంగ్-ఫాన్ మొదలగు శాస్త్రజ్ఞులును, వైద్యులును కలిసి ఒక్కదానిని నమ్ముకొనక 12 మైక్రో ఆర్.ఎన్.ఏ.లను కలిపి కొలిచి, ఒక్క అంకెగా చెప్పు పద్ధతిని ఏర్పఱచిరి. ఆ దేశపు ప్రభుత్వశాఖ 2019లో దాని కనుమతి నిచ్చినది. 2021లో ప్రకటింపబడిన వారి పరిశోధనలో సింగపూరు, కొరియా దేశములకు చెందిన 5248 మంది పాల్గొనిరి. వారిలో 4566 మందికి ముందుగా రక్తము తీసి, పిదప ఎండోస్కోపీ చేసి, రెంటిని పోల్చి చూచిరి. క్యాన్సరున్నవారిలో నూటికి 87 మందిని ఆ రక్తపరీక్ష పట్టినది. లేనివారిలో నూటికి 68 మందిని లేదని సరిగా చెప్పినది. పూర్వమునుండి వాడుకలోనున్న రక్తపరీక్షలకన్న ఇది చాల మేలని తేలినది.

ఈ రెండంకెలను మన పొరుగింటి గృహిణి విని, "నూటికి 87 అనిన మంచిదే గదా!" అనిరి. అప్పుడు మేము పప్పుల డబ్బా తెచ్చి, కందిపప్పు నేలమీద పోసి లెక్క వేసి చూపితిమి. వేయిమంది స్త్రీలున్నారనుకొందము; వారిలో పదిమందికి వ్యాధి యున్నదనుకొందము. నిజముగా అంతమంది కుండదు; లెక్కకొఱకు అనుకొనుటయే. ఈ పరీక్ష ఆ పదిమందిలో ఇంచుమించు తొమ్మండ్రను పట్టును, ఒకరు తప్పిపోవుదురు. మిగిలిన 990 మంది ఆరోగ్యవతులలో నూటికి 32 చొప్పున సుమారు 317 మందిని గూడ అనుమానితులని చెప్పును. అనగా పరీక్ష వేలుచూపిన 326 మందిలో నిజముగా వ్యాధిగలవారు తొమ్మండ్రే. తక్కినవారు ఊరక భయపడి నిద్ర మానుకొందురు.

అట్లయిన ఇది పనికిరానిదా? కాదు. ఇది జల్లెడ, తక్కెడ కాదు. వేయిమందికి గొట్టము వేయుటకు మారుగా 326 మందికి వేసి తొమ్మండ్రను కనుగొనుట గొప్ప లాభమే. జఠరపు క్యాన్సరు విస్తారముగా గల దేశములలో ఈ లాభము మఱింత హెచ్చు. జపానులో 1983నుండి ప్రభుత్వమువారు ఎక్స్‌రేచిత్రములతో ప్రజల కడుపులను పరీక్షించు ఏర్పాటు చేసిరి. పిదప ఎండోస్కోపీని గూడ చేర్చిరి. దక్షిణకొరియాలో 40 ఏండ్లు నిండిన వారికి రెండేండ్ల కొకమారు పరీక్ష జరుగును. మనదేశమున ప్రభుత్వపు పరీక్షలు నోటిని, రొమ్మును, గర్భాశయముఖమును గూర్చినవి మాత్రమే. కడుపునకు అట్టి ఏర్పాటు లేదు. కాబట్టి మన స్త్రీలకు రక్షణ తమ బాధను తాము గుర్తించి నోరువిప్పి చెప్పుకొనుటలోనే యున్నది.

జల్లెడ పట్టుట ఏ బాధయులేని వారికొఱకు. బాధ యున్నవారు జల్లెడదశను ఇదివరకే దాటినవారు. ఆకలి చచ్చి, కొంచెముతోనే కడుపు నిండుట, కారణములేక చిక్కుట, మ్రింగుటకు కష్టమగుట, రక్తపు వాంతి, తారువంటి నల్లని విరేచనము, తగ్గని రక్తహీనత — ఇవి యున్నచో రక్తబిందువునందలి జాడకొఱకు ఎదురుచూడరాదు. రక్తహీనతను గూర్చి ఒక ప్రత్యేకపు మాట. నెలసరి యున్నంతకాలము పాలిపోయిన ముఖమునకు ఆ కారణమే చెప్పుకొందుము. ముట్లుడిగిన తరువాతను రక్తము తగ్గుచున్నచో అది యెక్కడనో కాఱుచున్నదనియే యెంచవలెను. కడుపు మొదటగా వెదకదగిన చోట్లలో నొకటి.

ఉప్పును గూర్చియు ఆమె యడిగిరి. ఉప్పులో ఊరవేసిన చేపలు, కూరలు విస్తారముగా తిను జపాను, కొరియా జనులలో ఈ వ్యాధి హెచ్చని పరిశోధనలు కలవు. ఉప్పు కడుపుపొరను ఒరపిడిచేసి సూక్ష్మజీవికి తోడ్పడునందురు. ఆవకాయ జాడీని వీధిలో పారవేయుడని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పినచో మా యింట మాకే అన్నము దొరకదు. ముద్దముద్దకును నంజుకొనుట మానుడని మాత్రము చెప్పుచున్నాము. పొగత్రాగుట మాత్రము నిస్సందేహముగా కీడు.

తుదకు ఆమె గొట్టము వేయించుకొనుటకు ఒప్పుకొనిరి. మేమును వెంట వెళ్లితిమి. గొంతు మొద్దుబారుటకు మందు చల్లి, ఎడమప్రక్కకు పరుండబెట్టి పరీక్ష కానిచ్చిరి. పదినిమిషములైన పట్టలేదు. వచ్చునప్పుడు దారిపొడవునను దేవుళ్లకు మ్రొక్కిన మనిషి, ఇంటికి పోవునప్పుడు సంతలో వంకాయలు బేరమాడినది. కడుపులో రెండు పుండ్లు కనబడెను. అంచులనుండి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపగా క్యాన్సరు లేదనియు, ఆ హెలికోబాక్టరు మాత్రము పుష్కలముగా నున్నదనియు తేలెను. రెండు విధములగు సూక్ష్మజీవినాశకపు మాత్రలును, ఆమ్లమును తగ్గించు మాత్రయు పదునాలుగు దినములు వాడవలెనని వైద్యుడు వ్రాసిచ్చెను. అవి ముగిసిన నాలుగు వారములకు పైన ఊపిరిపరీక్ష చేసి సూక్ష్మజీవి పోయినదో లేదో చూతురు. పుండ్లు మానినవో లేదో తెలియుటకు మఱియొకమారు గొట్టము వేయుదురు. ఈమారు మీరు రానక్కరలేదని ఆమె మాతో ననిరి.

మాత్రల వేళలను ఆమె ఆ కరపత్రము వెనుకనే వ్రాసికొని, దానిని మా బల్లమీద మరచిపోయిరి. మరునాడు ఉదయము కాఫీ వేళకు మనుమరాలిని పంపి తెప్పించుకొనిరి.